చచ్చింది కొక్కెర తెగులుతో కాదు, చలితో

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

సందేహం: గుడ్ల కోసం పెంచుదామని సంక్రాంతి అయ్యాక పాతబస్తీలో ట్రాలీ ఆటోలో అమ్ముతుంటే 150 లేయర్ కోడిపిల్లలు తెచ్చాను. ఒక్కోటి 12 రూపాయలు. అన్నీ పెట్టలే అన్నారు. రేకుల గదిలో వరిపొట్టు పరిచి, బల్బు వేలాడదీసి, నూకలు వేశాను. రెండో రోజు నుంచే చావడం మొదలైంది. ఎనిమిది రోజుల్లో 58 పోయాయి. ముడ్డి దగ్గర తెల్లగా అంటుకుని ఉంటోంది. మందుల షాపులో కొక్కెర తెగులని చెప్పి రెండు రకాల పొడి, ఒక టానిక్ ఇచ్చారు. 1,150 రూపాయలైంది, తగ్గలేదు. మిగిలిన 92 బతకాలంటే ఏ మందు వాడాలి? ఎప్పటికి గుడ్లకొస్తాయి? ఇంకో మాట. గుడ్ల వ్యాపారంలో మగ పిల్లల్ని పుట్టిన రోజే చంపేస్తారట, మనకు ఆ పాపం వద్దని బీటెక్ చదివే మా అమ్మాయి గొడవ పెడుతోంది. నిజమేనా?

– ఒక రైతు, మొయినాబాద్ మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీ పిల్లలకు కొక్కెర తెగులు రాలేదు. చలికి, ఆకలికి చచ్చాయి. ఈ మాట మీకు ఫోన్లోనే చెప్పాను, వెంటనే చేయాల్సిన పని కూడా చెప్పాను. ఇదే తప్పు చేసిన వాళ్లు ఈ నెలలో మీతో కలిపి నలుగురు నాకు ఫోన్ చేశారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన ఫొటోలో గది నడుమ వేలాడుతున్నది 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. అది వెలుతురిస్తుంది, వేడి ఇవ్వదు. పాతకాలంలో తీగ వెలిగే పసుపు బల్బులు ఉండేవి కాబట్టి 'బల్బు పెట్టండి' అంటే సరిపోయేది. ఇప్పుడు ఆ మాట వింటే జనం ఎల్ఈడీ పెడుతున్నారు, పిల్లలు పోతున్నాయి. జనవరి రాత్రుల్లో మీ వైపు 10, 12 డిగ్రీలకు దిగిపోతుంది. రేకుల గది ఇంకా చల్లగా ఉంటుంది. మొదటి వారం పిల్లకు కావలసింది 35 డిగ్రీలు. తెల్లవారి చూస్తే అన్నీ ఒక మూలన కుప్పగా పడి ఉంటున్నాయని, అడుగున ఉన్నవే చచ్చి ఉంటున్నాయని మీరే అన్నారు. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కితే కిందవాటికి ఊపిరి ఆడదు. పైన ఉన్నవాటికి చలి తగిలి జీర్ణం ఆగిపోతుంది, రెట్ట ముడ్డికి అంటుకుని గట్టిపడుతుంది. మీకు తెల్లగా కనిపించింది అదే.

కొక్కెర తెగులైతే పిల్లలు నోరు తెరిచి ఊపిరి పీలుస్తాయి, ఆకుపచ్చ రెట్ట వేస్తాయి, బతికినవాటిలో కొన్ని మెడ తిప్పేస్తాయి. ఇవేవీ మీ దగ్గర లేవు. తెల్ల పారుడు వ్యాధి, అంటే తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా జబ్బు, ఉండే అవకాశం కొంత ఉంది. దాన్ని షాపు కౌంటర్ దగ్గర నిలబడి తేల్చలేరు. వేడి సరిచేశాక రెండు రోజులకు కూడా చావులు ఆగకపోతే, అప్పుడే చచ్చిన రెండు మూడు పిల్లల్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ఐసు మధ్య పెట్టి, ఆరు గంటల లోపు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకురండి. ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి తేవద్దు, కోసి చూడటానికి పనికిరాదు. మీ ఊరి నుంచి ఎంతో దూరం కూడా కాదు.

ఇప్పుడు వేడి. 92 పిల్లలకు 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఒకటి చాలు. దొరక్కపోతే తీగ వెలిగే 100 వాట్ల బల్బులు రెండు. లెక్క పిల్లకు 2 వాట్లు. నేల నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తులో గొలుసుతో కట్టండి, వైరుతో వేలాడదీయవద్దు. పొట్టు మీద పడితే గది అంటుకుంటుంది. అట్టతోనో రేకుతోనో ఒకటిన్నర అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉండేలా గుండ్రంగా కంచె కట్టండి. గుండ్రంగా అన్నది గమనించండి, మూల ఉంటే మళ్లీ అందులోకే చేరి కుప్పపడతాయి. థర్మామీటరు గోడకు కాదు, పిల్ల వీపు ఎత్తులో పెట్టాలి. మీవి రెండో వారంలో పడ్డాయి గానీ నీరసంగా ఉన్నాయి కాబట్టి ఇంకో మూడు రోజులు 34 డిగ్రీలు ఉంచండి. ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోండి. రాత్రి కరెంటు పోతే కుండలో నిప్పులు పెట్టి పైన చిల్లుల మూకుడు వేయొచ్చు, కానీ కిటికీ పైభాగం తెరిచే ఉండాలి. తలుపులన్నీ బిగించి నిప్పులు పెట్టి పొగకు పిల్లలన్నిటినీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరితే చలి. కంచెకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. ఒక పక్కకే పోతే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. అన్నివైపులా చెదిరి, కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అనుమానం వస్తే ఒక పిల్ల కాళ్లను మీ చెంపకు ఆనించుకోండి, చల్లగా తగిలితే వేడి సరిపోవడం లేదని అర్థం. రాత్రి తొమ్మిదింటికి ఒక పది పిల్లల మెడ కింద మేతసంచి తడిమి చూడండి. మెత్తగా నిండుగా ఉండాలి. రెండిటికి మించి ఖాళీగా ఉంటే తొట్లు దూరంగా ఉన్నాయనో తక్కువగా ఉన్నాయనో అనుకోవాలి.

ముడ్డి మూసుకుపోయినవాటిని గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెల్లగా తుడిచి, ఆరాకే వదలండి. ఎండిన రెట్టను లాగితే చర్మం ఊడి వస్తుంది. నూకలు ఈరోజే ఆపండి. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం లోపే, పిల్లకు 20 శాతం కావాలి. చిక్ స్టార్టర్ మేతే వేయండి. బెల్లం నీళ్లు లీటరుకు 50 గ్రాముల చొప్పున, తెచ్చిన మొదటి 12 గంటలకు మాత్రమే. మీరు వారం రోజులు పోశారు. ముడ్డి అంటుకోవడానికి అది కూడా ఒక కారణం.

ఇక ఆ 1,150 రూపాయల మందు. ప్యాకెట్ ఫొటో మీద కొలిస్టిన్ అన్న పేరు చూసి నాకు ఒళ్లు మండింది. మనం తినే పశుపక్ష్యాదులకు ఆ మందు వాడకూడదని కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. మనుషులకు వేరే ఏ యాంటీబయోటిక్ పనిచేయనప్పుడు ఆసుపత్రిలో డాక్టర్లు చివరిగా చేతిలోకి తీసుకునే మందు అది. దాన్ని చలికి వణుకుతున్న కోడిపిల్లకు నీళ్లలో కలిపి పోయించారు. కొక్కెర తెగులని వాళ్లు చెప్పిందే నిజమనుకున్నా, అది వైరస్. వైరస్‌కు ఏ యాంటీబయోటిక్కూ పనిచేయదు. అంటే వాళ్లు చెప్పిన రోగానికీ వాళ్లిచ్చిన మందుకూ కూడా పొత్తు లేదు! షాపువాళ్లకు మీ పిల్ల ఆరోగ్యం కాదు, అరలో ఉన్న సరుకు ముఖ్యం. పశువైద్యుడి చీటీ లేకుండా యాంటీబయోటిక్ కొనకండి. మిగిలిన పొడులు నీళ్లలో కలపడం ఆపేయండి, కాలువలో పారబోయకండి.

కొక్కెర తెగులును ఆపేది టీకా ఒక్కటే. దాని సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అదే నాకు ఎక్కువ బాధ. మామూలుగా లసోటా టీకా 5 నుంచి 7 రోజుల మధ్య వేయాలి, కంట్లో ఒక చుక్క. మీవి నీరసంగా ఉన్నాయి కాబట్టి వరుసగా రెండు రోజులు చావులు లేకుండా గడిచాక వేయండి. దానికి వారం తర్వాత గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ వ్యాధి) టీకా, అది కూడా ఒక చుక్క. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా రెక్క చర్మానికి పొడవాలి. 8, 9 వారాల మధ్య కొక్కెర తెగులుకే వేసే ఆర్2బి టీకా, అర మిల్లీలీటరు చర్మం కింద. సీసా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. షాపులో బల్ల మీద పెట్టి ఇస్తే తీసుకోకండి. ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, కలిపిన రెండు గంటల్లో అయిపోగొట్టండి. ఎండ ఎక్కకముందే వేయండి.

మూడో వారం దాటాక రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్, పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు. 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, 3 నుంచి 5 రోజులు, వేరే నీళ్లు పెట్టకుండా. రక్తం కనిపించకపోతే వద్దు. పొట్టు తడవకుండా చూసుకుంటే అది చాలావరకు రాదు.

గుడ్లకు ఎప్పుడొస్తాయని అడిగారు. రావు. ఫొటో చూసి మగో ఆడో చెప్పడం నా వల్ల కాదు, కానీ ధర చూసి చెప్పగలను. ఏ హేచరీ కూడా లేయర్ పెట్ట పిల్లను ట్రాలీలో 12 రూపాయలకు అమ్మనివ్వదు. మీకు అంటగట్టినవి లేయర్ జాతి పుంజులు. ఐదారు వారాలకు తురాయి పెరిగి ఎర్రబడుతుంది, మీకే తెలిసిపోతుంది.

మీ అమ్మాయి అడిగింది కూడా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అవును, నిజం. పొదిగిన గుడ్లలో సగం పుంజులే వస్తాయి. లేయర్ జాతి గుడ్డు కోసం తయారైంది. దాని పుంజు గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా కండ కూడా పట్టదు. బ్రాయిలర్ 40 రోజుల్లోపే 2 కిలోలు తూగుతుంటే ఇది మూడు నెలలు మేపినా కిలో దగ్గరే ఉంటుంది. అందుకని పుట్టిన రోజే వేరు చేసేస్తారు. చదువుకునే రోజుల్లో ఒక హేచరీలో చూశాను. బల్ల ముందు కూర్చున్న మనిషి పిల్లను తిప్పి, ముడ్డి దగ్గర ఒక్క క్షణం చూసి, పెట్టను ఒక ట్రేలోకీ పుంజును ఇంకో ట్రేలోకీ వేస్తున్నాడు. గంటకు వెయ్యి దాకా. రెండో ట్రే ఎక్కడికి పోతుందని మేమెవరం అడగలేదు. విదేశాల్లో వాటిని యంత్రంలోనో గ్యాస్‌తోనో చంపుతారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించింది, గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు అక్కడ వచ్చాయి. మన దగ్గర కొన్ని మొదటి రోజే పోతాయి, కొన్ని ఇలా ట్రాలీ ఎక్కుతాయి. జాతరల్లో గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ముంచి చిన్నపిల్లలకు ఆటబొమ్మల్లా అమ్మేవి కూడా ఎక్కువగా ఇవే. పుట్టిన పిల్లకు కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు ఆధారం. ఆ బలం మీదే నీళ్లూ మేతా లేకుండా ఊరంతా తిప్పుతారు. మీ చేతికి వచ్చేసరికి ఆ సొన అయిపోయి ఉంటుంది, మీ దగ్గర చలి తోడైంది.

గుడ్డు మానేయమని మీ అమ్మాయికి నేను చెప్పను, మానేస్తే తప్పని కూడా అనను. మీ ఇద్దరికీ కుదిరే దారి ఒకటుంది. పెరటికి లేయర్ జాతి వద్దు, పెట్టా పుంజూ రెండూ పనికొచ్చే జాతి తెచ్చుకోండి. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా పెట్ట పెరట్లో ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది, పుంజు మాంసానికి మంచి ధర పలుకుతుంది. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ, 160 నుంచి 180 దాకా. మా పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన రాజశ్రీ కూడా పెరటి కోడే. ఫారం లేయర్‌లా 300 గుడ్లు ఆశించకండి, కానీ ఇక్కడ పుంజును పారేసే పని లేదు. ఈ పిల్లల్ని ఆడా మగా వేరు చేయకుండానే ఇస్తారు. 50 పెట్టలు కావాలంటే 110 పిల్లలకు బుక్ చేసుకోవాలి. గుడ్డు పొదగడానికే 21 రోజులు పడుతుంది, ఈరోజు వచ్చి రేపు ఇమ్మంటే ఎవరూ ఇవ్వలేరు. తీసుకునేటప్పుడు పుట్టిన తేదీ, మారెక్స్ (నరాలను దెబ్బతీసి కాళ్లు పడగొట్టే వైరస్ వ్యాధి) టీకా వేశారా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. బొడ్డు ఎండి మూసుకుని ఉండాలి, కళ్లు చురుగ్గా ఉండాలి. వెల్లకిలా పెడితే వెంటనే లేవాలి. పిల్లలు ఇంటికి చేరే ముందు రోజే గది వెచ్చబడి ఉండాలి. ఈసారి బాక్సు తెచ్చాక బల్బు కోసం వెతకొద్దు.

ఇప్పుడున్న 92 పుంజుల్ని పారేయకండి, ఎలాగూ తెచ్చుకున్నారు. మూడు, మూడున్నర నెలలు మేపి మాంసానికి అమ్ముకోండి. లాభం పెద్దగా ఉండదు, ఒక్కోటి మూడున్నర కిలోల పైనే మేత తింటుంది. నాలుగో వారం దాటాక పగలు బయటికి వదిలితే మేత ఖర్చు కొంత కలిసొస్తుంది. అమ్మేటప్పుడు నాటుకోడి అని చెప్పి అమ్మకండి. మీకు జరిగినదే ఇంకొకరికి జరుగుతుంది.

ఇంట్లో ముసలి నాటు పెట్టలు నాలుగున్నాయని ఫోన్లో అన్నారు. వాటి గూటికీ ఈ గదికీ ఒకే చెప్పులతో తిరగకండి. గది గుమ్మం దగ్గర వేరే జత పెట్టుకోండి, పొద్దున ముందు పిల్లలకు మేత వేసి, తర్వాతే పెట్టల దగ్గరికి వెళ్లండి.

– పౌల్ట్రీ శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్