ఆ లక్ష్యం ఎవరిది?

ప్రశ్న: కరీంనగర్ దగ్గర ప్రభుత్వ టీచర్‌ని. 26 ఏళ్ల తమ్ముడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాడు. ఖర్చంతా నాదే. రోజూ టైమ్‌టేబుల్ వేసి పంపి, రాత్రి ఫోన్ చేసి అడుగుతాను. ఈమధ్య ఫోనెత్తడం లేదు. ‘వాడి బాధ్యత నీదే’ అంటారు నాన్న. 2016లో నేనూ గ్రూప్-2కు చదివాను, సంబంధం కుదిరిందని నాన్న మాన్పించారు. తమ్ముడికి టార్గెట్ రోజుకు పెట్టాలా, వారానికా?

జవాబు: ఎలా పెట్టినా, మీరు పెట్టినంతకాలం నడవదు. ఆ ప్రశ్న వదిలేయండి.

నాన్నగారు ఏమన్నారో రాశారు. తమ్ముడు ఏమవుదామనుకుంటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. చిక్కు మీకూ నాన్నగారికీ మధ్య ఉందమ్మా. ఆనాడు మీ పుస్తకాలు మూయించిన మనిషే ఇవాళ కొడుకు కొలువు బరువు మీ నెత్తిన పెట్టారు. మీరు కాదనలేదు. తమ్ముడు గెలిస్తే, ఆనాడు మీరూ గెలవగలిగేవారని నాన్నగారు ఒప్పుకుంటారని మీలో ఎక్కడో ఆశ ఉంది. ఆ ఆశ తప్పని నేననను. కానీ దాన్ని తీర్చే పని తమ్ముడిది కాదు. ‘నాకు ఆ రోజు చాలా బాధేసింది నాన్నా’ అని ఆయనతోనే అనండి. ఆడపిల్ల తండ్రితో అంత మాట అంటే మర్యాద చెడదు.

తర్వాత హైదరాబాద్ వెళ్లండి. మార్కుల ఊసెత్తకండి. నిజంగా ఈ ఉద్యోగమే కావాలా అని అడిగి, అతను చెప్పేదాకా ఆగండి. అవునంటే, వారంలో ఏం చేయగలడో అతన్నే రాసుకోమనండి. ర్యాంకు ఎవరి చేతిలోనూ ఉండదు. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. 600 మార్కులు, నాలుగు పేపర్లు. అందులో ఈ వారం ఎకానమీ ఎంతవరకు చదవాలో, ఏ రోజు మాక్ టెస్టు రాయాలో మాత్రం అతని చేతిలోని పని. మీరు ఆదివారం ఒక్కసారి ఫోన్ చేస్తే చాలు. అడిగితేనే సలహా ఇవ్వండి. టీచరుగా అలవాటైన ప్రాణానికి ఇది కష్టమే, అయినా నోరు కట్టేసుకోండి.

ఈ ఉద్యోగం వద్దని అతనంటే తిట్టకండి. ఆ మాట నాన్నగారికి అతనే చెప్పాలి, మీరు మధ్యలో దూరకండి.

డబ్బు ఏ పరీక్ష వరకు పంపగలరో మీరు, నాన్నగారు, తమ్ముడు ముగ్గురూ ఒకసారి కూర్చుని తేల్చేయండి.