వీధిలో వేధించేది వలస కూలీలేనా?

బెంగళూరులో అమ్మాయిలను వేధించేది ఎక్కువగా వలస కూలీలేనా అని అడిగారు. నా అనుభవంలో కాదు. మారతహళ్లిలో మా హాస్టల్ సందులో నన్ను ఒరుసుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి నవ్వినవాడి మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఫోనులో మాట్లాడుతున్నది చక్కని తెలుగు.

ఎవరిని చూపిస్తే వాళ్లే దోషులుగా మిగిలిపోతారు. 2014లో ఒక యువతి న్యూయార్క్‌లో 10 గంటలు నడుస్తుండగా రహస్య కెమెరాతో చిత్రీకరించారు. ఆమె పడ్డ వేధింపులు నిజమే. కానీ సుమారు 2 నిమిషాలకు కుదించిన వీడియోలో కనిపించినవారిలో అత్యధికులు నల్లజాతి, లాటినో పురుషులే. తెల్లవాళ్ల మాటలు చాలావరకు కూర్పులో పోయాయి.

మన దగ్గర ఆ కత్తిరింపు నోటితోనే జరుగుతుంది: కూలీ అయితే ‘బయటివాడు’, మనవాడైతే ‘కుర్రతనం’. మాటతో, సైగతో అవమానించినా భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు. వాడు ఎవరైనా సరే, 112కు ఫోన్ చేయండి.