అమ్మ ఫొటోలో గుర్రం ఉండాలా, వద్దా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 43 ఏళ్లు, పెళ్లయి బెంగళూరులో ఉంటున్నాను. అమ్మ పోయి ఏడాది కావస్తోంది, వచ్చే నెల సంవత్సరీకం. అమ్మకు గుర్రాలంటే ప్రాణం. మా తాత రైల్వేస్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయినా అమ్మ మాత్రం గుర్రాన్ని వదల్లేదు. ఊరి బయట ఇల్లు కట్టుకున్నాక పక్కనే షెడ్డు వేయించి, ఎప్పుడూ ఒక గుర్రాన్ని పెట్టుకునేది. ఇప్పుడున్న ఆడగుర్రానికి 22 ఏళ్లు. అమ్మ పోయినప్పట్నుంచి సరిగా మేయడం లేదు. పెళ్లి ఊరేగింపులవాళ్లకు అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. నాన్న ఔననడు, కాదనడు. అమ్మ ఉన్నన్నాళ్లూ షెడ్డు వైపు చూడని మనిషి ఇప్పుడు పొద్దున ఐదింటికే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

సంవత్సరీకం రోజు పంచడానికి అమ్మ గురించి చిన్న పుస్తకం వేస్తున్నారు. రాసే పని నాది. కూర్చుంటే కోపం వస్తోంది. నా టెన్త్ లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి, కడుపునొప్పి వచ్చిన గుర్రం దగ్గర అమ్మ తెల్లవార్లూ ఉండిపోయింది. పొద్దున నన్ను పంపించడానికి కూడా రాలేదు. తర్వాత ఆ మాటే ఎత్తలేదు. “అవన్నీ మర్చిపోయి మంచి మాటలు రాయి” అంటున్నారు అందరూ. అన్నయ్య స్టూడియోలో చెప్పి అమ్మ ఫొటోలోంచి గుర్రాన్ని తీయించేసి, వెనక నీలం రంగు వేయించాడు. పోయిన తల్లి మీద ఇంత కోపం ఉండటం తప్పేనా?

జవాబు: తప్పు కాదమ్మా. మనిషి పోగానే మన మనసులోని లెక్కలన్నీ మాఫీ కావు. ప్రేమ లేని చోట ఇన్నేళ్లు నిలిచే కోపం కూడా ఉండదు.

ముందు ఆ రాత్రి సంగతి చూద్దాం. గుర్రానికి కడుపునొప్పి వస్తే మనలాగా వాంతి చేసుకుని తేలికపడే వీల్లేదు. దాని శరీర నిర్మాణమే అంత. లోపల గ్యాస్ పట్టినా, మేత అడ్డుపడినా నొప్పికి తాళలేక కిందపడి పొర్లుతుంది. పేగు మెలిపడితే కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గుర్రాలు పెంచేవాళ్లు దాన్ని పొర్లనివ్వకుండా మెల్లగా నడిపిస్తూ, ఎప్పుడు లద్దె వేస్తుందా అని కాచుకుని ఉంటారు. జట్కా ఇంట్లో పుట్టిన మీ అమ్మగారికి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. వదిలేసి ఇంట్లోకి వస్తే తెల్లారేసరికి దాన్ని చూడనేమోనన్న భయంతో ఆగిపోయి ఉంటారు.

అది ఆవిడ వైపు సంగతి. లెక్కల పరీక్షంటే వణుకుతూ, గడప దాకా అమ్మ రాకుండానే బడికి బయల్దేరిన పదిహేనేళ్ల పిల్ల వైపు సంగతి ఇంకొకటి. మొదటిది అర్థమైందని రెండోది మాయమైపోదు. నా మట్టుకు, ఆవిడ గుర్రం దగ్గర ఉండిపోవడం కన్నా, తర్వాత ఒక్కసారైనా మిమ్మల్ని కూర్చోబెట్టుకుని చెప్పకపోవడమే లోటు.

కాబట్టి పుస్తకంలో ఆ రాత్రి ఉండనివ్వండి. ఫిర్యాదులా వద్దు, జరిగింది జరిగినట్టు రాయండి. ఆవిడ చీరకి అంటిన గడ్డి, చేతుల వాసన, మీకొచ్చిన ఉక్రోషం, అన్నీ రాయండి. “ఆదర్శ గృహిణి, సహనశీలి, అన్నపూర్ణ” అని రాసిన కాగితాలు ఎన్ని సంవత్సరీకాల్లో చూడలేదు? ఫొటో మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. మీ ఉత్తరం చివర్లో మీరే ఇంకో మాట రాశారు: బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం చూడటానికి మిమ్మల్ని ఏటా కొండకు తీసుకెళ్లేవారని, కల్కి అలంకారంలో వస్తున్న స్వామికి అందరూ దణ్ణాలు పెడుతుంటే ఆవిడ మాత్రం ఊరేగింపు ముందు నడిచే గుర్రాల కాళ్లు చూస్తూ “ఆ ఎడమవైపు దానికి లాడం వదులైంది” అన్నారని. నాలుగు పేజీలకు ఇదొక్కటి చాలు మొదలుపెట్టడానికి. నాన్నగారినీ, పిన్నినీ, ఉలవలు తెచ్చిచ్చే ఆయన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పెద్దవాళ్లకు కాగితం చూపిస్తే గొంతు పట్టేస్తుంది, మాట్లాడమంటే మాట్లాడతారు.

ఫొటో సంగతి మాత్రం నాకు నచ్చలేదు. గుర్రం మెడ మీద వేసిన చెయ్యి ఇప్పుడు నీలం రంగులో గాల్లో వేలాడుతోందని రాశారు. పాత ఫైలు స్టూడియోలో ఉండే ఉంటుంది, దాన్నే మళ్లీ ప్రింటు వేయించండి. పటం పూజగదిలో పెట్టాలి కాబట్టి జంతువు ఉండకూడదని ఎవరైనా అంటే, మన దేవుళ్లలో వాహనం లేనివాళ్లెవరో అడగండి.

గుర్రం మేయకపోవడాన్ని బెంగ అనుకుని వదిలేయకండి. రోజూ చేతులతో మేత పెట్టిన మనిషి కనిపించకపోతే దానికి తేడా తెలుస్తుంది, నిజమే. కానీ 22 ఏళ్ల గుర్రం తినడం మానేసిందంటే మొదట చూడాల్సింది పళ్లు. అవి సమంగా అరగక అంచులు పదునెక్కి చెంపల్ని కోస్తాయి. సగం నమిలిన గడ్డి ఉండలు నోట్లోంచి రాలుతున్నాయేమో చూడమనండి. మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది. వాళ్లకు చూపించండి. అప్పటిదాకా ఉలవలు బాగా ఉడకబెట్టి మెదిపి, తవుడు తడిపి పెట్టొచ్చు. ఏ మార్పైనా కొంచెం కొంచెంగానే. మేత ఒక్కసారిగా మార్చినా కడుపునొప్పి వస్తుంది.

మీ పాప అవ్వ గుర్రం ఎక్కుతానని పేచీ పెడుతోందన్నారు. తిండి తగ్గిన ముసలిదాని మీద ఇప్పుడు ఎక్కించకండి. దువ్వడం నేర్పించండి. పిలుస్తూ భుజం వైపు నుంచి వెళ్లాలి, వెనక నుంచి ఎప్పుడూ వెళ్లకూడదు. బెల్లం ముక్క పెడితే అరచెయ్యి చాచి పెట్టాలి, వేళ్లతో పట్టుకోకూడదు. మీకు ఇవన్నీ ఎవరు నేర్పారో పాపకు చెప్పండి.

నాన్నగారి వయసు మగవాళ్లకు “మీ అమ్మ గుర్తొస్తోంది” అనడం చేతకాదు. షెడ్డు దగ్గర కూర్చోనివ్వండి, వెళ్లి పిలవకండి. ఊరికే కూర్చోకుండా నీళ్ల బకెట్టు, ఉలవలు నానబెట్టే పని ఆయనకు అప్పగించండి. అయితే ఆయనా సరిగా తినకపోయినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, “నేనెందుకింక” లాంటి మాటలు వచ్చినా ఆలస్యం చేయొద్దు. రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక అన్నయ్య. ఆయన్ని ఈ కథలో విలన్‌ను చేయకండి. ఏడాదిగా షెడ్డు ఊడ్చింది మీ వదిన, గడ్డి కొన్నది ఆయన. మీరు బెంగళూరు నుంచి ఫోన్‌లో “అమ్మొద్దు” అంటే ఒళ్లు మండదా? సంవత్సరీకం దాకా ఆ మాట ఎత్తొద్దని ఒప్పించండి. డాక్టరు చూశాక కూడా పెట్టుకోలేమనుకుంటే, గుర్రాలు పెంచే అలవాటున్న దగ్గరి ఇంటికి ఇవ్వండి. బ్యాండు మోతలో, టపాకాయల మధ్య పెళ్లికొడుకుని మోయడం ఈ వయసులో దానివల్ల కాదు. ఉంచుకోవాలనుకుంటే మాత్రం, మేత ఖర్చులో నెలకు మీ వంతు ఎంతో ముందు చెప్పి, ఆ తర్వాత మాట్లాడండి.