86వ ప్రశ్న రాగానే చేతులు చల్లబడితే

ప్రశ్న: మాది అనంతపురం. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మూడు నెలల కిందట బెంగళూరు వెళ్లి, అమెరికాలో నర్సుగా పనిచేయడానికి కావాల్సిన లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ రాశాను. 85వ ప్రశ్న దగ్గర కంప్యూటర్ ఆగిపోతుందనుకున్నాను, ఆగలేదు. 86వ ప్రశ్న రాగానే చేతులు చల్లబడ్డాయి, గుండె దడ మొదలైంది. ఆ తర్వాత ఏం చదివానో, ఏం నొక్కానో గుర్తులేదు. 112 దగ్గర ఆగింది, ఫెయిల్ అయ్యాను. కాలేజీలో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. వీధిలో కనపడిన వాళ్లంతా ‘అమెరికా ఎప్పుడమ్మా’ అంటున్నారు. మళ్లీ రాయాలా, వదిలేయాలా?
– ఒక స్టాఫ్ నర్సు

జవాబు: మళ్లీ రాయమ్మా. వచ్చే నెలలోనే వద్దు, ఇంకో మూడు నెలలు తీసుకుని రాయి. రాయమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నీ ఉత్తరంలోనే ఉంది. 112 దగ్గర ఆగిందన్నావే, ఆ మాట.

ఐసీయూలో బీపీని నిలబెట్టే నారడ్రినలిన్ డ్రిప్ నడుపుతావు కదా. బీపీ పడితే డోసు కొంచెం పెంచుతావు, నిలబడితే కొంచెం తగ్గిస్తావు, అలా అటూఇటూ జరుపుతూ ఆ పేషెంట్‌కు ఎంత సరిపోతుందో అక్కడికి చేరతావు. ఎన్‌క్లెక్స్ కంప్యూటర్ 1994 నుంచి చేస్తున్నది అదే. సరైన జవాబు ఇస్తే ఇంకాస్త కష్టమైన ప్రశ్న వేస్తుంది, తప్పు చేస్తే కొంచెం తగ్గిస్తుంది. చివరికి నువ్వు సుమారు సగం రైటు, సగం తప్పు చేసే చోట నిన్ను నిలబెట్టి చూస్తుంది. బాగా చదివిన వాళ్లకైనా అంతే. వాళ్లను నిలబెట్టే మెట్టు పైన ఉంటుంది, అదొక్కటే తేడా.

మనకు పదో తరగతి నుంచీ ఇలాంటి పరీక్ష అలవాటు లేదు. హాల్లోంచి బయటికి వస్తూ మార్కులు లెక్కేసుకుని ‘తొంభై దాటతాయి’ అనుకున్న పిల్లవు నువ్వు. తెలియని ప్రశ్నలు వరుసగా నాలుగు వచ్చాయంటే నీ లెక్కలో పరీక్ష పోయినట్టే. అందుకే ఈ పరీక్షలో సగటు విద్యార్థుల కంటే ర్యాంకు పిల్లలు ఎక్కువగా బెదిరిపోవడం చూస్తుంటాను. ‘నేను ఓడిపోతున్నాను’ అనే భావన ఈ పరీక్ష కట్టిన తీరులోనే ఉంది. పాసయ్యే వాళ్లకూ అదే అనిపిస్తుంది. ఆ భావనను ఫలితం అనుకోవడమే నువ్వు చేసిన పొరపాటు.

ఇక 86వ ప్రశ్న సంగతి. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, మొత్తం ఐదు గంటలు. నువ్వు పాస్ గీతకు పైన ఉన్నావనో కింద ఉన్నావనో కంప్యూటర్‌కు 95 శాతం నమ్మకం కుదిరితే 85 తర్వాత ఎప్పుడైనా ఆపేస్తుంది. 85 దగ్గర ఆగితే పాస్, పెరిగితే ఫెయిల్ అని హాస్టల్ గదుల్లో చెప్పుకునే మాటలో నిజం లేదు. 85 దగ్గర ఆగి ఫెయిలైన వాళ్లున్నారు, 150 దాకా వెళ్లి పాసైన వాళ్లున్నారు. నిన్ను ఫెయిల్ చేసే నమ్మకం అప్పటికే కుదిరి ఉంటే 85 దగ్గరే ఆపేసేది కదమ్మా! 86వ ప్రశ్న వచ్చిందంటే నువ్వు గీతకు దగ్గర్లోనే ఉన్నావు, ఇంకా తేలలేదు, చూపించుకో అని అర్థం. సరిగ్గా ఆ చోటే నువ్వు చేతులెత్తేశావు. అంతకుముందు వచ్చిన ప్రశ్నల్లో 15 అసలు మార్కులకే లెక్కలోకి రావు, కొత్త ప్రశ్నలను పరీక్షించడానికి కలుపుతారు. ఏవి అవో మనకు తెలియదు. అర్థంకాని ప్రశ్న ఎదురైతే ‘ఇది ఆ పదిహేనులోదేమో’ అనుకుని ముందుకు పోవచ్చు.

అయితే అంతా భయం మీదికే నెట్టేయకు. గీతకు దగ్గర్లో ఉన్నావంటే సబ్జెక్టులో కూడా కొంత లోటు ఉందనే. ఫెయిలైన వాళ్లకు క్యాండిడేట్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఇస్తారు. చాలామంది బాధతో దాన్ని తెరవనైనా తెరవరు. ఈ రోజే తెరిచి చూడు. ఒక్కో విభాగంలో నువ్వు గీతకు పైన ఉన్నావా, దగ్గర్లో ఉన్నావా, కింద ఉన్నావా అని అందులో ఉంటుంది. ‘మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్’, మందుల విభాగం, ఈ రెండు ముందు చూడు. మొదటిదాంట్లో ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి అని అడుగుతారు. 2023 పరీక్ష ప్రణాళికలో మొదటిది 15 నుంచి 21 శాతం, రెండోది 13 నుంచి 19 శాతం. మన దగ్గర చదివిన నర్సులు ఎక్కువగా తడబడేదీ ఈ రెండింట్లోనే. తెలివి తక్కువై కాదు, మన వార్డులు వేరు కాబట్టి.

ఒక ఉదాహరణ చెబుతాను. డ్యూటీ ఎక్కగానే నలుగురు పేషెంట్లు. సీవోపీడీ అనే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నాయన సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, 90 శాతం. ఆపరేషన్ అయిన ఆమె నొప్పి అంటూ ఏడుస్తోంది. షుగర్ పేషెంట్ రీడింగ్ 180. నాలుగో ఆమెకు నిన్న థైరాయిడ్ తీశారు, ఊపిరి పీలుస్తుంటే కీచుమని శబ్దం వస్తోంది. ముందు ఎవరిని చూస్తావు? చదువు ప్రకారం నాలుగో ఆమెను, శ్వాసమార్గం మూసుకుపోతోంది కాబట్టి. సీవోపీడీలో 90 ఊహించిన సంగతే. ఇది నీకు తెలుసు. కానీ ముప్పై మందికి ఒక్క నర్సు ఉన్న వార్డులో ఎవరి బంధువులు గట్టిగా అరిస్తే వాళ్ల మంచం దగ్గరికి ముందు పరుగెత్తడం మనకు అలవాటైపోతుంది. గాభరా పడినప్పుడు చదువు వెనక్కి పోయి అలవాటు ముందుకు వస్తుంది. అలాగే మన దగ్గర ఆయా చేసేసే పనులు, డ్యూటీ డాక్టరు వచ్చేదాకా ఆగే పనులు కొన్ని ఉన్నాయి. ఆ పరీక్షలో పేషెంట్‌ను అంచనా వేయడం, నేర్పించడం, ఫలితం చూడటం ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, ఎవరికీ అప్పగించకూడదు. పరీక్షలోని ఆసుపత్రిలో సిబ్బందికీ సామానుకూ కొరత ఉండదు, నీ ముందు ఒకే ప్రశ్న, అందులో ఉన్న పేషెంట్లు మాత్రమే ఉంటారు. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి చదువుకునే బల్ల ముందు అంటించుకో.

మందుల పేర్లదీ ఇదే తంటా. నువ్వు రోజూ నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అవుతుంది. ప్యారాసిటమాల్ అసిటమినోఫెన్, పెథిడిన్ మెపెరిడిన్. తెలిసిన మందే కొత్త పేరుతో ఎదురై గుండె జారుతుంది. ఇలాంటివన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే రెండు వారాల్లో నోటికి వచ్చేస్తాయి.

చదవడం గురించి ఎక్కువ చెప్పను. రోజుకు 50, 60 ప్రశ్నలు చాలు, కానీ ప్రశ్న మీద పెట్టిన సమయం కంటే దాని వివరణ మీద రెట్టింపు సమయం పెట్టు. తప్పులను మూడు రకాలుగా రాసుకో: తెలియక చేసినవి, ప్రశ్న సరిగ్గా చదవక చేసినవి, భయంతో జవాబు మార్చి చెడగొట్టుకున్నవి. మూడో గడిలో ఎన్ని పడుతున్నాయో వారం వారం చూడు, నీ టెన్షన్ ఎంతుందో అదే చెబుతుంది. మొదట అనుకున్న జవాబు ఎప్పుడూ మార్చకూడదని చాలామంది అంటారు. అధ్యయనాలు చేసి చూస్తే, మార్చిన జవాబుల్లో తప్పు నుంచి రైటుకు వెళ్లినవే ఎక్కువ. కారణం కనపడితే మార్చు, గుబులు పుట్టిందని మాత్రం మార్చకు. ‘నెక్స్ట్’ నొక్కాక వెనక్కి వెళ్లే వీలుండదు కాబట్టి ఆలోచన ఏదైనా నొక్కే ముందే.

ఇప్పుడు అసలు సాధన. మొదటిసారి కోడ్ బ్లూలో, అంటే గుండె ఆగిన పేషెంట్ దగ్గర, నిలబడ్డప్పుడు నీ కాళ్లు వణికి ఉంటాయి. ఇప్పుడు వణకవు. ఎవరో ధైర్యం చెప్పినందుకు కాదు, మళ్లీ మళ్లీ నిలబడినందుకు. పరీక్ష భయం కూడా అలాగే తగ్గుతుంది. రెండు వారాలకో ఆదివారం పూర్తి మాక్ టెస్ట్ రాయి. ఎన్ని ప్రశ్నలో నీకు తెలియకూడదు. చెల్లెలినో రూమ్మేట్‌నో కూర్చోబెట్టి, 85కూ 150కూ మధ్య వాళ్లకు తోచిన చోట ఆపమను. ఒకసారి 90, ఒకసారి 143, ఒకసారి 150 నిండా. ప్రశ్నలు నీ స్థాయి కంటే కష్టమైనవే పెట్టుకో, సగం తప్పు పోవాలి. 86 అనే అంకె కళ్లముందు పదిసార్లు మెరిశాక పదకొండోసారి అది ఉత్త అంకె అవుతుంది.

చేతులు చల్లబడటం ఏమిటో నీకు నేను చెప్పాలా? అడ్రినలిన్ పెరిగి చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం పెద్ద కండరాలకు మళ్లుతుంది. చదువుకున్నదే. ఆ క్షణంలో నీ శరీరాన్ని ఒక పేషెంట్‌లా చూసి మనసులో నోట్స్ రాయి: ‘చేతులు చల్లగా ఉన్నాయి, పల్స్ ఎక్కువగా ఉంది, స్పృహ బాగానే ఉంది, ప్రాణాపాయం లేదు.’ తర్వాత, ఆయాసం పేషెంట్లకు నువ్వు నేర్పించేదే నువ్వూ చెయ్యి. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఈల వేసేటట్టు పెదాలు ముడిచి ఆరు అంకెలు వదులు. ఐదుసార్లు చేస్తే ఒక్క నిమిషం కూడా పట్టదు. రోజూ మాక్ ప్రశ్నల మధ్యలో చేసి అలవాటు చేసుకో, పరీక్ష రోజే మొదలుపెడితే పనిచేయదు.

ఇంకో ఏర్పాటు ఇప్పుడే నిర్ణయించుకో. ఐదు గంటలను 150కి పంచితే ప్రశ్నకు రెండు నిమిషాలు. ఆ లెక్కన 85 పూర్తయ్యేసరికి 2 గంటల 50 నిమిషాలు. 86 కనపడగానే చెయ్యి ఎత్తి బ్రేక్ అడిగి, బయటికి వెళ్లి ముఖం కడుక్కుని, నీళ్లు తాగి రా. బ్రేక్ సమయం పరీక్ష సమయంలోంచే పోతుంది, అయినా ఐదు నిమిషాల నష్టం భరించవచ్చు. కిందటిసారి నువ్వు పోగొట్టుకున్నది అంతకంటే ఎక్కువ.

2011లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసిన విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువ కంగారు పడేవాళ్లు, మెరుగ్గా రాశారు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పను. ఖర్చు లేని పని కాబట్టి మాక్ రోజుల్లో ప్రయత్నించి చూడు. తెలుగులోనే రాయి, నాన్న అప్పు సంగతి కూడా రాయి.

ఆసుపత్రిలో పనిచేస్తున్నావు కాబట్టి ఒక హెచ్చరిక. దడ తగ్గించే ప్రొప్రనొలాల్, కంగారు తగ్గించే ఆల్ప్రాజోలమ్ నీ చేతికి అందేంత దూరంలో ఉంటాయి. ‘ఒక్క మాత్ర వేసుకుని వెళ్లు’ అనే తోటి ఉద్యోగి కూడా ఉంటుంది. వద్దమ్మా. మొదటిది ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం, రెండోది జ్ఞాపకాన్నే మందగింపజేస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, డ్యూటీలో కూడా దడ వస్తున్నా, బతకడం ఎందుకు అనిపించినా మానసిక వైద్యులను కలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫీజు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

నైట్ డ్యూటీలు చేస్తూ చదువుతున్నావు అనుకుంటాను. రాత్రంతా మేలుకుని పొద్దున పుస్తకం పట్టుకుంటే చదివింది నిలవదు. ముందు నిద్ర, తర్వాత పుస్తకం. పరీక్షకు కనీసం పది రోజుల ముందు నుంచి పగటి డ్యూటీలు అడుగు, కుదరకపోతే సెలవు పెట్టు. జీతం కోత పడినా సరే. మళ్లీ ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తున్నందుకు అదనంగా 150, మొత్తం దాదాపు 30 వేల రూపాయలు, పన్నులు వేరే. దానిముందు ఆ కోత చిన్నది. ఒకసారి ఫెయిలయ్యాక 45 రోజులు ఆగాలన్న నియమం ఉంది, నీకు అది ఇప్పటికే దాటిపోయింది.

అమెరికా ఎప్పుడు అని అడిగే వాళ్ల సంగతి. నిజం చెప్పాలంటే ఈ పరీక్షకూ విమానానికీ మధ్య చాలా దూరం ఉంది. భారతదేశంలో పుట్టిన వాళ్లకు నర్సులు వెళ్లే ఈబీ 3 అనే ఉద్యోగ కోటాలో గ్రీన్ కార్డు క్యూ ఏళ్ల తరబడి సాగుతోంది. ఈ మాట నాన్నకు కూడా ముందే చెప్పు, ఆయన అప్పు తీర్చే లెక్క దీని మీద పెట్టుకోకూడదు. అయినా పరీక్ష వృథా పోదు. కెనడా 2015 నుంచీ, ఆస్ట్రేలియా 2020 నుంచీ ఇదే పరీక్షను వాడుతున్నాయి, ఆస్ట్రేలియాలో ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుంది. పక్కింటి వాళ్లకు ‘చదువుతున్నాను’ అని మాత్రం చెప్పు. పరీక్ష తేదీ ఇంట్లో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియనివ్వకు.

బెంగళూరుకు ముందురోజు మధ్యాహ్నమే వెళ్లిపో, అదే రోజు తెల్లవారుజాము బస్సు ఎక్కే సాహసం వద్దు. పాస్‌పోర్టులో పేరు, ఏటీటీలో (పరీక్ష రాయడానికి వచ్చిన అనుమతి పత్రంలో) పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో. ఇంటిపేరు ముందు రాయడం, వెనక రాయడం మన వాళ్లకు తరచూ తంటా తెస్తుంది. పొద్దున అలవాటైన టిఫినే తిను, ఉగ్గాని అయితే ఉగ్గానే, మిరపకాయ బజ్జీ మాత్రం సాయంత్రానికి ఉంచుకో. నాన్న తోడు వస్తానంటే రమ్మను. గేటు దగ్గర ఐదు గంటలు నిలబడొద్దని, గదిలోనే ఉండమని చెప్పు. ఆయన బయట ఎండలో నిలబడి ఉన్నాడన్న ఆలోచనతో నువ్వు 86వ ప్రశ్న చదవకూడదు.