లోటు తగ్గించే మాట సభలో ఎత్తే ముందు

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కేంద్ర ప్రభుత్వ ద్రవ్య లోటును తగ్గించడంపై వచ్చే ఆదివారం విజయవాడలో జరిగే చర్చా సభను నిన్ను నడపమన్నారనీ, సబ్సిడీలు కోయాల్సిందే అనేవారూ కోస్తే ఊరుకోం అనేవారూ ఒకే వేదిక మీద కూర్చుంటున్నారు కనుక సభ అదుపు తప్పుతుందేమోనని బెంగగా ఉందనీ రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఖజానా శాఖలో బిల్లులు పాసు చేసి, ఉద్యోగ విరమణ తర్వాత ఈ ఊళ్లో అలాంటి సభలు కొన్ని నడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. గొంతులు లేస్తే లేవనీ, దానికి భయపడకు. మూడు గంటలు మాట్లాడుకున్నాక కూడా కోత ఎవరి మీద పడుతుందో ఒక్కరూ చెప్పకుండా సభ ముగిస్తే మాత్రం వచ్చినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ముందుగా నాలుగు అంకెలు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంచు. 2025-26 బడ్జెట్ అంచనాల ప్రకారం కేంద్రం ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అప్పులు కాకుండా వచ్చే రాబడి 34.96 లక్షల కోట్లు. అప్పు తెచ్చి పూడ్చవలసిన తేడా, అదే ద్రవ్య లోటు, 15.69 లక్షల కోట్లు, అంటే స్థూల దేశీయోత్పత్తిలో 4.4 శాతం, పాత అప్పుల మీద కట్టవలసిన వడ్డీ 12.76 లక్షల కోట్లు. కరోనా దెబ్బ తగిలిన 2020-21లో ఇదే లోటు 9.2 శాతానికి వెళ్లిందని పక్కన రాయి. ఒకే బోర్డును చూసి ఒకాయన, తెచ్చే అప్పులో అత్యధిక భాగం వడ్డీకే సరిపోతోంది కదా అని భయపడతాడు. మరొకాయన, రోడ్లూ రైలు మార్గాల వంటివాటికి పెట్టే 11.21 లక్షల కోట్ల మూలధన వ్యయం ఈ అప్పు లేకుండా ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నువ్వు నమ్మితేనే సభ నడపగలవు. నిపుణులకే ఏకాభిప్రాయం లేదు: లోటుకు హద్దులు పెట్టే ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో నివేదిక ఇచ్చినప్పుడు, అందులో సభ్యుడైన, అప్పటి కేంద్ర ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ ద్రవ్య లోటుకు బదులు వడ్డీ తీసేయగా మిగిలే ప్రాథమిక లోటునే గురిగా పెట్టుకోవాలంటూ అసమ్మతి పత్రం జత చేశారు.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను, నువ్వు చేయకు. పదేళ్ల కిందట ఇక్కడే ఒక సభను ప్రారంభిస్తూ, దేశం కూడా మన ఇల్లు లాంటిదే, ఆదాయానికి మించి ఖర్చు చేస్తే వీధిన పడతాం అన్నాను. మిర్చి యార్డుకు సరుకు తెచ్చి, ధర పలకక ఆ టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఊరికి వెళ్లే బస్సు తప్పిపోయి సభకు వచ్చి కూర్చున్న కౌలురైతు ఒకాయన లేచి నిలబడ్డాడు. చొక్కా మీద ఇంకా మిరప ఘాటు ఉంది. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు దగ్గుతున్నారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కోల్డ్ స్టోరేజీ బాండు తీసి చూపించి, "అయ్యా, అప్పు చేయకుండా మిరప నారు పోసినవాడు మా ఊళ్లో లేడు. అప్పు చేశావని మమ్మల్ని ఎవరూ అడగరు, దేనికి చేశావు, వడ్డీ ఎంత అని అడుగుతారు" అన్నాడు. నేను ఉద్యోగంలో ఏళ్ల తరబడి పద్దులు విడదీసి చూసినవాణ్ణే అయినా ఆ రోజు ఆ రెండు ప్రశ్నలు అడగడం మరిచిపోయాను. పైగా ప్రభుత్వం ఇల్లు లాంటిది కాదు కూడా. అది పన్ను వేయగలదు, దానికి పదవీ విరమణ ఉండదు, అది చేసిన అప్పులో అత్యధిక భాగం మన బ్యాంకులకూ, బీమా సంస్థలకూ, భవిష్య నిధికీ బాకీ పడినదే. అంతమాత్రాన ఆ అప్పు ఊరికే వచ్చినట్టు కాదు, ఖర్చయ్యే ప్రతి రూపాయిలో దాదాపు 25 పైసలు వడ్డీకి పోతోంది కనుక. రెండో మాట చెప్పకుండా మొదటి మాట మాత్రమే చెప్పే వక్తను మర్యాదగా ఆపి రెండోది కూడా చెప్పించు.

సబ్సిడీల మాట రాగానే 1991ని తప్పక గుర్తు చేయి. విదేశీ మారకం అడుగంటి, బంగారం కుదువ పెట్టవలసి వచ్చిన ఆ వేసవి తర్వాత, పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ జూలై 24న బడ్జెట్ ప్రవేశపెట్టి, 8 శాతం దాటిన లోటును ఒక్క ఏడాదిలో 6.5 శాతానికి దించుతానన్నారు. అందుకోసం ఎరువుల ధరలు సగటున 40 శాతం పెంచారు. సొంత పార్టీ సభ్యులే తిరగబడటంతో కొద్ది రోజుల్లోనే పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ప్రకటించారు. ఆనాడు మా భోజనాల దగ్గర మీ పెద్ద మామయ్యకూ నాకూ మాటా మాటా పెరిగింది. దేశం అప్పుల్లో మునుగుతుంటే ఎరువుకు రాయితీ ఏమిటని నేను. కాలువ కింద పది ఎకరాలున్నవాడికీ మెట్టలో ఎకరం కౌలుకు చేసేవాడికీ ఒకే ధర పెంచడం ఏమిటని ఆయన. ఆయన అడిగింది లోటు తగ్గించడం గురించి కాదని, భారం పంచే తీరు గురించి అని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఆ మరుసటి ఏడాది ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తేసి, యూరియా మీద మాత్రం ఉంచారు. ధరల్లో తేడా పెరిగేసరికి రైతులు యూరియాకే మొగ్గారు. ఆ ఏడు యూరియా ఎక్కువైన మామయ్య పత్తి చేను నల్లగా, ఏపుగా, నడుం దాటి ఎదిగింది. ఆకు తిప్పి చూస్తే పచ్చదోమ, కొమ్మ వంచి చూస్తే కాయ లేదు. ఢిల్లీలో సగం కోసి సగం వదిలేసిన పద్దు మా చేలో అలా కనిపించింది. 45 కిలోల యూరియా బస్తాకు వేప పూత, పన్నులు కాకుండా 242 రూపాయల ధర 2018 నుంచి అలాగే ఉందంటే, ఈ ముడి విప్పడానికి ఏ ప్రభుత్వమూ ధైర్యం చేయలేదన్నమాట. ఎరువుల సబ్సిడీ తగ్గించాలనే వక్తను అడుగు: ఏ ఎరువుది, ఎంత, కౌలురైతుకు బదులుగా ఏమిస్తావు? పట్టాదారు పుస్తకం చూసి డబ్బు వేస్తామంటే, కౌలుదారు పేరు అందులో ఉండదు కదా?

కోత వద్దనేవారినీ అలాగే నిలదీయాలి. ఏ పన్ను పెంచుతారో, ఎవరి మీదో, లేదా ఎంత వడ్డీకి అప్పు తెస్తారో చెప్పాలి. సంపన్నుల మీద పన్ను వేస్తామని చప్పట్లు కొట్టించుకుని కూర్చోనివ్వకు. ఏ పన్ను, ఎంత రాబడి అని అడుగు. ఇద్దరికీ వర్తించే నియమం ఒకటే: పద్దు పేరు చెప్పనిదే శాతం చెప్పకూడదు.

ఒక పద్దు గురించి మాత్రం నువ్వే మాట్లాడాలి, ఎందుకంటే దాని తరఫున ఎవరూ సభకు రారు. తొంభైలలో లోటు తగ్గించే ఒత్తిడి వచ్చినప్పుడల్లా మూలధన వ్యయమే తేలికగా తెగింది. జీతం ఆగితే ఉద్యోగి ధర్నా చేస్తాడు, బియ్యం ఆగితే పేదవాడు రోడ్డెక్కుతాడు, ఇంకా కట్టని వంతెన ఏ కలెక్టరేట్ ముందూ బైఠాయించదు. ఖజానాలో కూర్చుని నేను కళ్లారా చూసింది ఇదే: మార్చి నెలలో ఆగిపోయే బిల్లులు ఎప్పుడూ నోరు లేని పద్దులవే.

లోటు తగ్గిందన్న ప్రకటన విన్నప్పుడు, ఖర్చు తగ్గిందా, ఇంకొకరి పుస్తకంలోకి మారిందా అని చూడటం కూడా అవసరం. ఆహార సబ్సిడీ కింద భారత ఆహార సంస్థకు ఇవ్వవలసిన సొమ్ము కొన్నేళ్ల పాటు పూర్తిగా బడ్జెట్ నుంచి ఇవ్వకుండా, జాతీయ చిన్న పొదుపు నిధి నుంచి ఆ సంస్థకు అప్పుగా ఇప్పించారు. అప్పు ఆ సంస్థ పేరిట ఉండటం వల్ల కేంద్రం లోటు తక్కువగా కనిపించింది. 2021 బడ్జెట్‌లో ఆ పద్ధతి మాని, ఆ భారాన్ని లెక్కలోకి తెచ్చారు. అది మంచి పని, చేసినవారు ఎవరైనా మెచ్చుకోవలసిందే.

విజయవాడ సభ కనుక పావుగంటలో మాట రాష్ట్రం అప్పుల మీదికి మళ్లుతుంది, ఏ ప్రభుత్వం ఎంత చేసిందన్న రగడ మొదలవుతుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి కావాలనీ, రెండు లెక్కలూ ఒక గాటన కట్టలేమనీ రెండు ముక్కల్లో చెప్పి, దానికి వేరే రోజు సభ పెట్టుకుందామని మళ్లీ దారికి తీసుకురా.

చివరికి వక్తల విషయం. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు చాలు, ప్రశ్నలకు గంటకు తగ్గకుండా ఉంచు. ప్రతి వక్తా మొదటి రెండు నిమిషాలూ ఎదుటి పక్షం వాదాన్ని వాళ్లు ఒప్పుకునేలా చెప్పాలని ముందే ఉత్తరం రాయి. ఒప్పుకోనివారు ఉంటే ఇప్పుడే తెలుస్తుంది, వేరొకరిని పిలుచుకోవచ్చు. ప్రశ్నల వేళ మైకు మొదట వెనక వరుసల్లోకి పంపు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు బస్సు వేళకు లేచిపోతారు, ముందు వరుసలో కూర్చున్న మావంటివాళ్లకు ఇల్లు దగ్గరే. నా దగ్గరున్న బడ్జెట్ పత్రాల్లో కావలసిన పేజీలకు గుర్తులు పెట్టి ఉంచాను, శనివారం సాయంత్రం లోపు మనిషిని పంపితే ఇచ్చి పంపుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న