స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొన్నావా, ముందు టెస్ట్ కిట్ కొను

తమ్ముడూ, పూల్ పచ్చబడింది, ఎంత క్లోరిన్ పోసినా తగ్గట్లేదు, నెలనెలా మనిషిని పెట్టుకోవాలా అని అడిగావు. అక్కర్లేదు. ఏళ్ళ తరబడి మా పూల్ నేనే చూసుకుంటున్నా, వేరేవాళ్ళకి పైసా ఇవ్వలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసేదే నువ్వూ చేస్తున్నావు, నీళ్ళు టెస్ట్ చెయ్యకుండా షాపువాడు ఇచ్చిందల్లా కొనడం. మొదటి వేసవిలో మేమూ అంతే. తేలే డబ్బాలో టాబ్లెట్లు వేసి వదిలేశాం, నీళ్ళు పచ్చబడ్డాయి, షాక్ పొడి (ఒక్కసారిగా క్లోరిన్ పెంచేది) పోస్తే కాస్త తేటపడి మళ్ళీ పచ్చ, ఇక ఆల్గీ మందన్నారు, ఫాస్ఫేట్ మందన్నారు, గరాజ్ నిండా బాటిళ్ళే, ఆ బిల్లులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. చివరికి తెలిసిందేంటంటే స్టెబిలైజర్ పేరుకుపోయింది. ఆ ట్రైక్లోర్ టాబ్లెట్లలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది, స్టెబిలైజర్ అంటే అదే, ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే, 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) దాకా మంచిదే. కానీ నీళ్ళు ఆవిరైనా అది మాత్రం పోదు, టాబ్లెట్ వేసినప్పుడల్లా పెరుగుతుంది, మరీ ఎక్కువైతే క్లోరిన్ ఉండి కూడా లేనట్టే. కొంత నీళ్ళు తీసేసి కొత్తవి పట్టాల్సొచ్చింది, నీళ్ళ బిల్లు వేరే. పూల్ మాత్రం మొత్తం ఖాళీ చెయ్యొద్దు, అడుగున భూగర్భజలం ఉంటే తొట్టి పైకి లేచిపోతుంది, ఆ రిపేరు ఖర్చు ఊహించలేవు.

అందుకే ఇప్పుడు ముందు పీహెచ్ (నీళ్ళలో ఆమ్లం, క్షారం ఎంతున్నాయో చెప్పే అంకె) చూస్తా, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, 8కి చేరిందంటే పోసిన క్లోరిన్‌లో సుమారు నాలుగో వంతే గట్టిగా పనిచేస్తుంది, మిగతాది డబ్బు దండగ. పీహెచ్ సరిచేశాక గోడలు బ్రష్‌తో బాగా రుద్ది, పొద్దు గూకాక మామూలు లిక్విడ్ క్లోరిన్ పొయ్యి, నీళ్ళు తేటపడేదాకా పంపు ఆపకు. ఫిల్టర్ ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటికంటే 8-10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పెరిగితేనే బ్యాక్‌వాష్, అంటే నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగడం, ఊరికే చేస్తే నీళ్ళు వృథా.

అసలు డబ్బు తినేది కరెంటు. స్పీడు మార్చుకునే పంపు పెట్టుకుంటే, సగం స్పీడులో రెట్టింపు సేపు నడిపినా కరెంటు దాదాపు నాలుగో వంతే కాలుతుంది, ఇది మన కుర్రాళ్ళకి ఎంత చెప్పినా బుర్రకెక్కదు.

మిగిలిపోయిన పొడులు కలిపి వాడదామనుకోకు, ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ (ఇంకో రకం క్లోరిన్ పొడి) కలిస్తే మంటలొస్తాయి, పేలొచ్చు కూడా, పొదుపు చూపించాల్సింది అక్కడ కాదు. ఫెన్సు, గేటు రూల్సు మీ మున్సిపాలిటీ సైటులో ఉంటాయి, చూసుకో.

ముందు పీహెచ్, క్లోరిన్, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం), స్టెబిలైజర్ నంబర్లు రాసి పంపు. అప్పటిదాకా ఇంకో బాటిల్ కొనకు.