అచ్చుల యంత్రం కడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

కలంకారీ అచ్చులు చెక్కే యంత్రాన్ని సొంతంగా కడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మోటార్లు వచ్చాయట, బోర్డు వచ్చిందట, పెరటి గదిలో బల్ల కూడా వేశావట. పెడనలో టేకు చెక్క మీద ఉలితో అచ్చు తీసేవాళ్లను చూస్తూ పెరిగిన పిల్లవి. ఆ పనికి నువ్వే యంత్రం కడుతున్నావంటే నా సంతోషం ఇంతా అంతా కాదు. మీ అమ్మ అక్కడితో ఆపి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ని. "ఏవో స్విచ్‌లు మిగిలాయట, తరువాత పెట్టుకుంటానంటోంది" అని కూడా అంది. ఆ ఏవో స్విచ్‌లు ఏవో నాకు తెలుసు. కట్టర్‌ను మోసే బండి చివరిదాకా వెళ్లి తగిలితే యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్‌లు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కరెంటు ఉండగా మోటారు వైరు పీకకు, మోటారును నడిపే ఏ4988 డ్రైవరు అక్కడికక్కడే పోతుంది. దాని మీద మోటారుకు ఎంత కరెంటు పోవాలో నిర్ణయించే బుల్లి స్క్రూను మల్టీమీటరు లేకుండా తిప్పకు. మొదట్లో వేగం నిమిషానికి 500 మిల్లీమీటర్లు దాటించకు. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ మోటారుకు బలం తగ్గుతుంది, టేకు మెత్తటి చెక్క కాదు. నీ ఆర్డుయినో బోర్డులో యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము జీఆర్బీఎల్ కదా, అందులో $1 అనే సెట్టింగు విలువను 255 చేసుకో. లేకపోతే కదలిక ఆగిన కాసేపటికి మోటార్లకు కరెంటు తీసేస్తుంది, కట్టర్‌ను పైకీ కిందికీ కదిపే జెడ్ బరువుకు కిందికి జారవచ్చు.

లెక్క మాత్రం నిదానంగా చెయ్యి. నీ నీమా 17 మోటారు అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవరు కింద పిన్నులను కలిపే బుల్లి జంపర్లు మూడూ ఉంటే ఒక్కో అడుగు 16 ముక్కలవుతుంది. చుట్టుకు 8 మిల్లీమీటర్లు నడిపే స్క్రూ అయితే 3200ను 8తో భాగించు, 400 వస్తుంది. ఎక్స్, వై, జెడ్ దిశలకు వరుసగా $100, $101, $102 లలో రాయాల్సింది అదే. రాసి వదిలేయకు. 100 మిల్లీమీటర్లు జరగమని చెప్పి స్టీలు స్కేలుతో కొలువు. సరిగ్గా రెండింతలు జరిగిందంటే మూడో జంపరు సరిగా కూర్చోలేదన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. స్టెప్పర్ మోటారు కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషి లాంటిది. ఆర్డుయినోలోని జీఆర్బీఎల్ అడుగు వెయ్యమని తాను పంపిన పల్సులనే లెక్కపెడుతుంది. బండి నిజంగా కదిలిందో లేదో దానికి తెలిసే దారి లేదు. స్క్రూ బిగుసుకున్నా, చెక్క అడ్డుపడినా "ఓకే" అనే జవాబిస్తుంది. ఓకే అంటే నీ ఆజ్ఞ అందింది, అర్థమైంది అని మాత్రమే. పని జరిగిందని కాదు.

బాలానగర్‌లో నేను ప్యానెల్ వైరింగ్ చేసే రోజుల్లో మా షాపులో నేమ్‌ప్లేట్లు చెక్కే యంత్రం ఒకటి ఉండేది. అన్నీ స్టెప్పర్ మోటార్లే, లిమిట్ స్విచ్ ఒక్కటీ లేదు. దాన్ని చూసుకునే పెద్దాయన లేతు మీద చెయ్యి తిరిగినవాడు. నాకు కొలతలు నేర్పింది ఆయనే. ప్రోగ్రాములు రాసే కుర్రాడు వేరు. ఒక ప్లేటు నుంచి పక్క ప్లేటుకు జరగడానికి ఆ కుర్రాడు జి91 అనే ఆజ్ఞ వాడాడు. అంటే చెప్పిన కొలత ఇప్పుడున్న చోటి నుంచి అని. అది సరైన వాడకమే. ఫైలు చివర మళ్లీ జి90, అంటే కొలతలన్నీ సున్నా నుంచి అని, రాయడం మరిచిపోయాడు. అప్పటికే యంత్రం అదే స్థితిలో ఉండిపోయిందని ఎవరికీ తెలియదు.

మర్నాడు పెద్దాయన కొత్త ఫైలు ఎక్కించాడు. అందులో కొలతలు మొదలయ్యే సున్నా ప్లేటు నడిమధ్యన. జి0 ఎక్స్0 వై0 అన్న మొదటి వరుసకు యంత్రం కదలలేదు. ఉన్న చోటి నుంచి సున్నా దూరం జరగమంటే ఏం కదులుతుంది? సున్నా దగ్గరే ఉందనుకుని ఆయన కట్టర్‌ను తిప్పే స్పిండిల్ వేశాడు. జెడ్5, జెడ్-1 వరుసలు వచ్చినప్పుడల్లా కట్టర్ అయిదు లేచి ఒకటే దిగుతోంది. ప్లేటు మీద గీత పడడం లేదు. ఎందుకో చూద్దామని వంగాడు. ఇంతలో ఎక్స్60 అన్న వరుసలు రెండు వెంటవెంటనే వచ్చాయి. అరవైకి అరవై కలిసి బండి వెళ్లి చివరి పలకకు కొట్టుకుంది. మోటారు ఉన్నచోటే గుర్రుమంటూ వణికింది. స్క్రూ బిగుసుకుందనుకుని ఆయన బండికి ఎడమవైపు నుంచి చెయ్యి పెట్టాడు.

తరువాతి వరుస ఎక్స్-60.

కంట్రోలర్ దృష్టిలో ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. బండి వెనక్కి వచ్చింది, కట్టర్ తిరుగుతూనే ఉంది. మెయిన్ స్విచ్ గదికి అటు చివర. నేను పరుగెత్తి ఆపేసరికి ఆయన మధ్యవేలి కొస పోయింది. కాటన్ వేస్టు చుట్టి ఆటోలో తీసుకెళ్తుంటే నాతో ఆయనన్న మాట ఒక్కటే: "ఆగిపోయిందనుకున్నానురా." తరువాత కూడా పనికి వచ్చాడు కానీ, మైక్రోమీటరు పట్టుకున్నప్పుడల్లా ఆ వేలు పక్కకు పెట్టుకునేవాడు. తిట్టవలసి వస్తే ఎవరిని తిట్టాలి? కుర్రాడినా, స్విచ్‌ల డబ్బు మిగుల్చుకున్న యజమానినా? నాకిప్పటికీ తేలలేదు. నువ్వు మాత్రం ఆ యజమానిలా చేస్తే ఊరుకోను.

అందుకని ప్రతి ఫైలూ జి21 (కొలతలు మిల్లీమీటర్లలో అని) జి90 తో మొదలుపెట్టు, ముందు ఫైలు ఎలా ముగిసిందో నీకు గుర్తున్నా సరే. చివర ఫైలు ముగిసిందని చెప్పే ఎమ్30 రాస్తే జీఆర్బీఎల్ తానే జి90కి వస్తుంది, నిజమే. అంగుళాల నుంచి మిల్లీమీటర్లకు మాత్రం రాదు. ఎక్కడో దొరికిన డిజైన్ ఫైలు జి20 లో, అంటే అంగుళాల్లో, ఉండి, దాని వెనక నీ ఫైలు నడిస్తే 10 మిల్లీమీటర్లు అనుకున్నది 254 అవుతుంది.

లిమిట్ స్విచ్‌లు నొక్కనప్పుడు మూసుకుని ఉండేవి తీసుకో, $5 ని అందుకు తగ్గట్టు మార్చు. వైరు తెగినా స్విచ్ నొక్కినట్టే లెక్క, యంత్రం ఆగుతుంది. ఆ వైర్లను మోటారు వైర్ల పక్కన కట్టకు, ఊరికే అలారం వస్తుంటుంది. $21 స్విచ్ తగిలితే ఆపడానికి, $22 మూలకు వెళ్లి సున్నా చూసుకోవడానికి, రెండూ 1 చెయ్యి. కరెంటు వేయగానే $హెచ్ కొట్టు. ముందు జెడ్ పైకి లేస్తుంది, ఆ తరువాతే మిగతా రెండూ మూలకు వెళతాయి. అక్కడి నుంచి కొలతలు మైనస్‌లో కనిపిస్తాయి, కంగారుపడకు, దాని పద్ధతే అంత. బల్ల పొడవు వెడల్పులు $130 నుంచి రాసి $20 కూడా వేస్తే, హద్దు దాటే ఆజ్ఞను బండి కదలకముందే తిరస్కరిస్తుంది. $హెచ్ కొట్టేదాకా యంత్రం తాళం వేసుకుని ఉంటుంది, దాన్ని $ఎక్స్ తో దొడ్డిదారిన తెరిచావో, నీకూ నాకూ మాటలుండవు.

ఇంకొకటి. ఆశ్చర్యార్థకం గుర్తు కొడితే కదలిక వెంటనే నెమ్మదించి ఆగుతుంది. అది వరుసలో నిలబడదు, ఎంటర్ కూడా అక్కర్లేదు. కానీ స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది! కాబట్టి మొత్తానికీ కరెంటు తీసేసే ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎడమచేతికి అందేలా పెట్టు. జడ ముడి వేసుకో, చున్నీ ఆ గదిలోకే రాకూడదు. ఈ మాట మీ అమ్మ చెబితే చాదస్తమంటావు, అందుకే నేను రాస్తున్నాను.

నువ్వు నడక నేర్చిన కొత్తలో నా స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేదానివి. అప్పుడు అరిచాను కానీ, ఇప్పుడనిపిస్తోంది, ఆ పనిముట్ల మీద కన్ను అప్పుడే పడిందేమోనని. నీ పనిలో కష్టం నాకు అర్థమవుతోంది. గీతల అచ్చు ఒకటి, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఎక్కడో మోటారు అడుగులు తప్పి ఒక అచ్చు మిల్లీమీటరు పక్కకు పోతే, చీర పొడవునా ఆకులోని పచ్చరంగు దాని గీత దాటిపోతుంది. కాబట్టి అచ్చు మారినప్పుడల్లా కూడా $హెచ్ కొట్టు. చెక్కను బిగించడానికి బల్లకు రెండు పిన్నులు పాతుకో, ప్రతి చెక్కా వాటికే ఆనాలి.

మొదటి అచ్చు టేకులో వద్దు, మెత్తటి చెక్కలో తియ్యి. అదీ స్విచ్‌లు పెట్టాకే. ఆదివారం ఫోను చేస్తాను. $$ కొట్టి, వచ్చిన సెట్టింగుల జాబితా మొత్తం నాకు చదివి వినిపించాలి. డబ్బు సరిపోకపోతే మీ అమ్మకు చెప్పకుండా నాకు చెప్పు, స్విచ్‌లు నేనే కొని పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య